పునాదిలో దాచిన ఎత్తు: బొంబాయి దాహం, తాన్సా ఆనకట్ట

ఆనకట్ట ఎత్తు పెంచుతారన్న వార్త వచ్చినప్పుడల్లా చదివేవారికి రెండు అనుమానాలు వస్తాయి. నాలుగైదు మీటర్లు పెంచితే అంత నీరు ఎలా పెరుగుతుంది? అంత సులువైతే ప్రతి డ్యామునూ ఎందుకు పెంచరు? కృష్ణా మీద ఆల్మట్టి నీటిమట్టాన్ని 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచే ప్రతిపాదన చుట్టూ తెలుగు రాష్ట్రాల్లో ఏళ్లుగా నలుగుతున్న చర్చలోనూ ఈ ప్రశ్నలు ఉన్నాయి. జవాబు వెతకడానికి నూట ముప్పై ఏళ్లు దాటిన ఒక రాతికట్ట చక్కగా పనికొస్తుంది. అది ముంబయికి నీళ్లిచ్చే తాన్సా. 1892లో 118 అడుగుల ఎత్తుతో పూర్తయిన ఆ కట్ట ఇప్పుడు 41 మీటర్లు, అంటే దాదాపు 135 అడుగులు. మధ్యలో 1915, 1925, 1948లో ఆ పథకాన్ని విడతలుగా విస్తరించారు.

క్లుప్తంగా

లోయ పైకి పోయేకొద్దీ విచ్చుకుంటుంది కాబట్టి చివరి కొద్ది అడుగుల్లోనే ఎక్కువ నీరు పడుతుంది. కట్టను పడదోసే ప్రభావం కూడా అదే లెక్కన పెరుగుతుంది. తాన్సాను తర్వాత పెంచగలిగారంటే, మొదటిసారే పునాదిని పెద్ద ఎత్తుకు సరిపడా వేసి ఉంచడమే కారణం. అలా వేయని చోట్ల దిగువ వైపు కొత్త కట్టుబడి చేర్చాల్సి వచ్చింది. నీరు ఊరికి చేరాలంటే గొట్టాలు పెరగాలి, వాడిన నీరు బయటికి పోవాలంటే మురుగు కాలువలు పెరగాలి. బొంబాయి ఈ చివరి పనిలో వెనకబడింది.

చెరువుల ఊరు దాహం

పంతొమ్మిదో శతాబ్దం సగం దాకా బొంబాయి బావుల మీద, చెరువుల మీద బతికింది. ధోబీ తలావ్, గోవాలియా ట్యాంక్ లాంటి పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి గానీ ఆ చెరువులు ఏనాడో పూడిపోయాయి. చుట్టూ సముద్రం ఉన్న దీవి కావడంతో ఊళ్లోకి వచ్చే నది లేదు. నాలుగు నెలలు కుండపోతగా వాన, మిగతా ఎనిమిది నెలలు ఎండ. 1850లలో వానలు తక్కువ పడిన ఏళ్లలో కొత్తగా వేసిన రైలు మార్గం మీదా పడవల మీదా నీళ్లు తెప్పించారు. పశువులను ఊరి బయటికి తోలించారు.

అప్పుడు వచ్చింది విహార్. ఉత్తరాన ఉన్న సాల్సెట్ దీవిలో మీఠీ నది లోయకు అడ్డంగా మట్టికట్టలు వేసి, గొట్టంలో నీటిని వాలు మీదే ఊళ్లోకి దింపే పథకం ఇది. ఇంజినీరు హెన్రీ కానీబేర్. 1856లో మొదలై 1860లో పూర్తయింది. రోజుకు సుమారు 3.2 కోట్ల లీటర్లు వచ్చేవి. అప్పటికి అది గొప్ప సంగతే. అయితే అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధరలు పెరిగి జనం ఒక్కసారిగా బొంబాయికి ఎగబడ్డారు. 1864 జనగణనలో 8.16 లక్షల మంది తేలారు. మొత్తం నీటిని సమానంగా పంచినా మనిషికి 40 లీటర్లు మించదు.

1872లో విహార్ కట్ట ఎత్తు పెంచారు. సరఫరా రోజుకు 6.8 కోట్ల లీటర్లకు, అంటే రెట్టింపు పైకి చేరింది. పత్తి గిరాకీ కూలిపోయి జనాభా కూడా 6.44 లక్షలకు తగ్గడంతో కొన్నాళ్లు ఊపిరి ఆడింది. కానీ విహార్‌ను ఇంకా పెంచుకుంటూ పోవడానికి వీల్లేదు. దాని పరీవాహక ప్రాంతం సుమారు 19 చదరపు కిలోమీటర్లే. ఏడాదికి రెండు మీటర్ల వాన పడి చుక్క పోకుండా మొత్తం చెరువులోకి వచ్చినా 3,800 కోట్ల లీటర్లు. ఇప్పటి విహార్ వాడకపు నిల్వ 2,769.8 కోట్ల లీటర్లు. ఆవిరి, ఇంకుడు, వానలు తగ్గిన ఏళ్లు లెక్కేస్తే ఇంకా పెంచిన కట్ట చాలా ఏళ్లు నిండదు. కట్ట ఎత్తు నీటిని పుట్టించదు, వచ్చిన నీటిని మాత్రమే పట్టి ఉంచుతుంది. ఎత్తు పెంపు గురించిన ఏ చర్చలోనైనా మొదట అడగాల్సింది ఇదే: పెంచిన మేరకు నిండే నీరు ఉందా?

విహార్ పక్కనే 1879లో తులసి వచ్చింది, అది ఇంకా చిన్నది. అందుకే నగరం చూపు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, ఠాణే జిల్లా అడవుల్లో పారే తాన్సా నది మీద పడింది.

పై అడుగుల్లోనే ఎందుకంత నీరు

నీళ్లు పోసే గరాటా ఒకటి ఊహించుకుంటే విషయం తేలిగ్గా తెలుస్తుంది. అడుగున చెంబెడు నీళ్లు పోస్తే మట్టం బెత్తెడు లేస్తుంది. అంచు దగ్గర అదే బెత్తెడు లేవాలంటే బిందెడు పోయాలి. లోయలూ ఇంచుమించు అంతే. అన్ని వైపులా ఒకే వాలుతో విచ్చుకునే లోయలో నిల్వ ఎత్తుకు ఘనంలో పెరుగుతుంది. కట్ట ఎత్తు పది శాతం పెంచితే నిల్వ 33 శాతం పెరుగుతుంది. తాన్సాలో 118 నుంచి 135 అడుగులకు పెంపు సుమారు 14 శాతం. ఆ లోయ అచ్చం గరాటాలా ఉంటే నిల్వ దాదాపు 50 శాతం పెరగాలి. నిజం లోయకు వంపులు, చదునులు ఉంటాయి కాబట్టి అంకె అటూ ఇటూ మారుతుంది, దిశ మాత్రం మారదు.

ఈజిప్టులో బ్రిటిష్ ఇంజినీర్లు కట్టిన అస్వాన్ పాత ఆనకట్ట దీనికి పెద్ద సాక్ష్యం. అది తాగునీటి కోసం కాదు, సాగు కోసం. 1902లో పూర్తయింది. 1912 నాటికి ఐదు మీటర్లు పెంచితే నిల్వ రెట్టింపు దాటింది. 1933 నాటికి మరో తొమ్మిది మీటర్లు పెంచితే మళ్లీ ఇంచుమించు రెట్టింపైంది.

కొత్త ఆనకట్ట కట్టాలంటే కొత్త లోయ, కొత్త పునాది, కొత్త గొట్టపు దారి, కొత్త భూసేకరణ కావాలి. ఉన్నదాన్ని పెంచితే వీటిలో చాలా వరకు చేతిలోనే ఉంటాయి. అందుకే బ్రిటిష్ పాలనలోని నగరాల మునిసిపాలిటీలు ఈ దారి పట్టాయి. సింగపూర్‌లో ఇప్పుడు మెక్‌రిచీ పేరుతో పిలిచే జలాశయం కట్టను 1890ల మొదట్లో పెంచారు. హాంకాంగ్‌లో తాయ్ టామ్ కట్టను 1880ల చివర కట్టి, పదేళ్లు తిరగకముందే పెంచారు.

బరువు కాదు, తోపుడు

లాభం ఘనంలో పెరుగుతుందన్న సంగతి అందరికీ నచ్చుతుంది. ప్రమాదం కూడా ఘనంలోనే పెరుగుతుందన్న సంగతి వార్తల్లో కనబడదు.

నీరు కట్టను పక్కకు నెడుతుంది. చెరువు ఎంత దూరం పరుచుకుందన్నది ఈ తోపుడుకు సంబంధం లేని విషయం, కట్ట దగ్గర లోతు ఎంతన్నదే లెక్క. 30 మీటర్ల లోతు నీరు ఒక్క మీటరు పొడవు కట్ట మీద 450 టన్నుల బలంతో నెడుతుంది. లోతు 33 మీటర్లయితే దాదాపు 545 టన్నులు. అంతేకాదు, ఆ తోపుడు పనిచేసే చోటు కూడా పైకి జరుగుతుంది. నిలబెట్టిన బీరువాను కింద నెట్టడానికీ పైన నెట్టడానికీ ఉన్న తేడా ఇక్కడా ఉంది. కట్ట దిగువ అంచు మీదికి వాలి పడిపోయేలా చేసే ప్రభావాన్ని లెక్కిస్తే 30 మీటర్ల దగ్గర 4,500 టన్ను-మీటర్లు, 33 మీటర్ల దగ్గర సుమారు 6,000. పది శాతం ఎత్తుకు 33 శాతం ఎక్కువ. తాన్సా పెంపుకు ఇదే లెక్క కడితే దాదాపు సగం ఎక్కువ.

రాతికట్టకు దీన్ని తట్టుకునే ఆయుధం ఒక్కటే, సొంత బరువు. రాయి, సున్నం నలిగే బలాన్ని బాగా ఓర్చుకుంటాయి, సాగదీసే బలాన్ని ఓర్చుకోవు. నీటి తోపుడు ఎక్కువై కట్ట ముందుకు ఒరగబోతే, నీళ్ల వైపు అడుగున రాళ్ల మధ్య అతుకులు విచ్చుకుంటాయి. ఆ సందులోకి ఒత్తిడితో నీరు దూరుతుంది. దూరిన నీరు కట్టను కిందనుంచి పైకి ఎత్తుతుంది, కట్ట బరువు ఆ మేరకు తేలికైపోతుంది. ఫ్రాన్సులో బూజే ఆనకట్ట 1895 ఏప్రిల్ 27న తెగిపోయి 80 మందికి పైగా చనిపోయినప్పుడు ఈ ‘కింది నుంచి ఎత్తే ఒత్తిడి’ ఎంత ప్రాణాంతకమో ప్రపంచమంతటి ఇంజినీర్లకూ తెలిసొచ్చింది.

బొంబాయి అడిగిన ప్రశ్న

ఈ శాస్త్రం పెరగడంలో బొంబాయికి సొంత పాత్ర ఉంది, అది అంతగా తెలియకుండా మిగిలిపోవడం విచారకరం. 1870ల మొదట్లో బొంబాయి మునిసిపాలిటీ ఇంజినీరు కెప్టెన్ హెక్టర్ టులక్ నగరానికి కొత్త నీటి వనరుల కోసం వెతుకుతూ, ఎత్తైన రాతికట్ట ఏ ఆకారంలో ఉండాలన్న ప్రశ్నను గ్లాస్గో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ విలియం రాంకిన్ ముందు పెట్టాడు. అప్పటికే ఫ్రెంచి ఇంజినీర్లు సాజిలీ, డెలోక్ర్ ఈ దారిలో కొంత పని చేసి ఉన్నారు. రాంకిన్ 1872లో రాసిన నివేదికలో, రాతికట్టలో ఎక్కడా సాగుడు బలం రానివ్వకూడదని గట్టిగా చెప్పాడు. అడుగు వెడల్పును మూడు భాగాలు చేస్తే, కట్ట బరువు, నీటి తోపుడు కలిసిన బలం ఎప్పుడూ నడిమి భాగం లోపలే పడాలి. చెరువు ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా అంతే.

ఈ ‘నడిమి మూడోవంతు’ సూత్రం తర్వాత దశాబ్దాల పాటు రాతి డ్యాముల నమూనాకు ఆధారమైంది. ఎత్తు పెంపు సంగతి తేల్చేది కూడా ఇదే. ఉన్న కట్ట మీద ఊరికే నాలుగు వరసలు పేరిస్తే ఆ కలిసిన బలం పడే గీత నడిమి భాగం దాటి దిగువ అంచు వైపు జరుగుతుంది. పైన పేర్చిన రాయి బరువు కొంత సాయం చేసినా, పెరిగిన తోపుడు ముందు అది చాలదు. అంటే పైన ఎంత పెంచవచ్చో అడుగున వేసిన వెడల్పు ముందే నిర్ణయించేసి ఉంటుంది.

తాన్సా కట్టినవాళ్లు ఇది ఎరిగి పనిచేశారు. డబ్ల్యూ. క్లర్క్ రూపొందించిన ఆ కట్ట సుమారు 2.8 కిలోమీటర్ల పొడవు. వాన లేని నెలల్లో వేలాది కూలీలు రాయి మోసి, సున్నం కలిపి ఏడాదికింత చొప్పున లేపారు. 1892 మార్చిలో వైస్రాయి లాన్స్‌డౌన్ వచ్చి ప్రారంభించేనాటికి ఎత్తు 118 అడుగులు, కానీ అడుగు వెడల్పు మాత్రం 135 అడుగులకు సరిపడా వేశారు. ఆ అదనపు రాయి కొన్ని దశాబ్దాలు ఏ పనీ లేకుండా నేలలో కూర్చుంది. ఆనాటి పన్ను కట్టినవారికి అది అనవసరపు ఖర్చుగా కనబడి ఉండొచ్చు, తర్వాతి తరాలకు అదే పెట్టుబడి అయింది.

మొదటే పూర్తి ఎత్తుకు కట్టేస్తే పోయేది కదా అన్నది సహజమైన ప్రశ్న. జనాభా లెక్క చూస్తే ఆగడమే మంచిదైందని తెలుస్తుంది. 1891లో 8.2 లక్షలున్న బొంబాయి, ప్లేగు దెబ్బకు 1901లో 7.8 లక్షలకు పడిపోయింది. అప్పు తెచ్చి ముందే పూర్తి ఎత్తుకు కట్టి ఉంటే ఆ పదేళ్లూ వాడని నీటికి వడ్డీ కట్టేవారు. 1911కి జనం 9.8 లక్షలు, 1921కి 11.8 లక్షలు. విస్తరణ 1915లో, 1925లో రావడం ఈ లెక్కతో సరిపోతుంది. అవసరం వచ్చాక పెంచుకునే వీలు ఉంచుకోవడానికి పెట్టిన ఖర్చు పునాది వెడల్పు ఒక్కటే.

పాత రాయి పక్కన కొత్త రాయి

పునాది ముందే సిద్ధంగా లేని చోట ఏం చేస్తారు? దిగువ వైపు కట్టను లావు చేస్తారు. వినడానికి తేలికైన ఈ పనిలో అసలు కష్టమంతా పాతదీ కొత్తదీ కలిసే ఒక్క గీత దగ్గరే ఉంటుంది.

పాత గోడ ముఖం మీద ఏళ్లుగా పాకురు పట్టి ఉంటుంది, సున్నం తేటగా కారి గట్టిపడిన తెల్లటి పొరలు ఉంటాయి. మేస్త్రీ ముందు ఉలితో ఆ పొర చెక్కి రాయి గరుకు బయటికి తేవాలి. తర్వాత కడగాలి, తడిపి ఉంచాలి, అక్కడక్కడా పాత రాళ్లను తీసేసి పళ్లలా గంట్లు పెట్టాలి. అప్పుడుగానీ కొత్త సున్నం పట్టదు. అంత చేసినా ఇంకో చిక్కు ఉంది. పాత గోడ ఏనాడో చల్లబడి, కుదురుకుని, తన బరువుకు తాను అణిగిపోయింది. కొత్త గోడ ఇంకా వేడిగా ఉంటుంది, ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, కొంత కిందికి దిగుతుంది. రెంటినీ మొదటి రోజే అతికేస్తే ముడుచుకునేటప్పుడు ఆ అతుకే పగులుతుంది. పగిలితే అది ఒక కట్ట కాదు, పక్కపక్కన నిలబడ్డ రెండు సన్నటి గోడలు. ఏ ఒక్కటీ ఆ తోపుడు తట్టుకోదు.

అస్వాన్ మొదటి పెంపులో ఇంజినీరు బెంజమిన్ బేకర్ దీనికి చూపిన ఉపాయం ఇప్పటికీ చదవదగ్గది. పాత గోడకూ కొత్త పొరకూ మధ్య ఆరంగుళాల సందు వదిలి, రెంటినీ ఉక్కు కడ్డీలతో కలిపి, కొత్త కట్టుబడి చల్లారి కుదురుకున్నాక ఆ సందులో సిమెంటు పాలు పోసి నింపారు. రెండో పెంపులో దిగువ వైపు ఆనుడు గోడలు కట్టారు.

మన దగ్గర ముల్లపెరియార్ ఇదే సమస్యకు మరో రూపం. 1895లో సున్నం, సుర్కీ (ఇటుక పొడి)తో కట్టిన ఆ ఆనకట్ట భద్రత మీద అనుమానాలు రావడంతో 1979లో నీటిమట్టాన్ని 152 అడుగుల నుంచి 136కు దించారు. తర్వాత పైన కాంక్రీటు టోపీ వేశారు, కట్ట గుండా ఉక్కు తీగలు దింపి పునాది రాతికి బిగించారు, దిగువ వైపు కాంక్రీటు చేర్చారు. 2014లో సుప్రీంకోర్టు 142 అడుగుల దాకా నిలపడానికి అనుమతించింది. పాత కట్టలో ఒక్కో అడుగు మట్టం పెంచుకోవడానికి ఎంత పని, ఎంత వాదన పడతాయో ఈ ఉదాహరణ చూపిస్తుంది.

మట్టికట్టల తీరు వేరు. వాటికి అతుకు పగులు బాధ తక్కువ గానీ, పైన ఒక అడుగు పెంచాలంటే కింద ఎన్నో అడుగులు వెడల్పు చేయాలి, లేకపోతే వాలు జారుతుంది. నడుమ వేసిన బంకమట్టి గోడను కూడా అంత ఎత్తుకూ కొనసాగించాలి.

అలుగు

నీటిమట్టాన్ని కాస్త పెంచుకునే సంగతి చెరువు కింద సేద్యం చేసే ఊళ్లలో కొత్తగా చెప్పక్కర్లేదు. అలుగు (చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే చోటు) మీద నిలువు రాళ్లు పాతి, వానలు వెనకబట్టే వేళ వాటి మధ్య మట్టి, గడ్డి కూరి నాలుగు వేళ్ల నీరు అదనంగా నిలపడం మన చెరువుల్లో పాత పద్ధతే. ఇసుక బస్తాలు వేయడం దానికి ఇప్పటి రూపం. ఎగువ పొలాలు మునిగి గొడవలు వచ్చేదీ అక్కడే.

పెద్ద డ్యాముల్లో ఆ మట్టి చేసే పని గేట్లు చేస్తాయి. తాన్సాకు ఇప్పుడు 38 గేట్లున్నాయి. అలుగు గోడను శాశ్వతంగా పెంచితే వరద పోయే దారి తగ్గుతుంది. గేటు అయితే వరదలో తెరుచుకుంటుంది, సీజన్ చివర మూసుకుని పై అడుగుల నీటిని పట్టేస్తుంది. మారుగా పడే మూల్యం జాగ్రత్త: గోడ దానంతట అదే నిలబడుతుంది, గేటుకు నూనె, మనిషి, సమయానికి నిర్ణయం కావాలి.

గొట్టం, ఆ తర్వాత మోరీ

జలాశయంలో నీరు పెరగ్గానే కుళాయిలో పెరగదు. తాన్సా మొదటి దశ రోజుకు సుమారు 7.7 కోట్ల లీటర్లు తెచ్చింది. అది వచ్చింది 48 అంగుళాల గొట్టంలో. కట్ట ఎంత పెంచినా ఆ గొట్టం అంతే మోస్తుంది. సుమారు 100 కిలోమీటర్ల దారిలో, మట్టం కొద్ది అడుగులు పెరిగినంత మాత్రాన ప్రవాహం వేగం పెద్దగా మారదు. అందుకే 1920లలో 72 అంగుళాల గొట్టాలు వేశారు. వ్యాసం ఒకటిన్నర రెట్లయితే గొట్టం నోరు రెండుంపావు రెట్లవుతుంది, గోడల రాపిడి కూడా తగ్గుతుంది కాబట్టి మోసే నీరు దాదాపు మూడు రెట్లవుతుంది. బొంబాయి నీటి చరిత్రలో కట్ట పెంపు ఎంత ముఖ్యమో ఈ గొట్టాలూ అంత ముఖ్యం.

వచ్చిన నీరు ఎక్కడికి పోవాలన్నది మరో ప్రశ్న. దీనికి జవాబు ఆలస్యమైంది, దాని భారం పడింది పేదల మీద. బట్టల మిల్లులు, రేవులు, కట్టుబడి పనుల కోసం వచ్చిన జనం చాళ్లలో, అంటే వరస గదుల ఇళ్లలో కిక్కిరిసి బతికేవారు. అందులో మనవాళ్లూ ఉన్నారు. కామాఠీపురాకు ఆ పేరు నిజాం రాజ్యంలోని తెలంగాణ నుంచి వెళ్లి ఇళ్లూ రోడ్లూ కట్టిన కామాఠీ కూలీల నుంచి వచ్చింది. అలాంటి పేటల్లో కుళాయి నీరు వచ్చింది గానీ, దాన్ని తీసుకుపోయే మురుగు కాలువలు అదే వేగంతో రాలేదు. వాడిన నీరు ఇళ్ల మధ్య సందుల్లో నిలిచి నేలలోకి ఇంకేది. సముద్ర మట్టానికి కాస్తే పైనున్న, పూడ్చి చేసిన నేల అది. నీటిని పీల్చి మెత్తబడేది.

తాన్సా వచ్చిన నాలుగేళ్లకే, 1896లో నగరంలోని మాండ్వీ పేటలో ప్లేగు బయటపడింది. నేల తడిసి మురగడమే కారణమని అప్పట్లో కొందరు అధికారులు గట్టిగా వాదించారు. ప్లేగును వ్యాపింపజేసేది ఎలుకల మీద బతికే, నెత్తురు పీల్చే చిన్న పురుగులని (ఫ్లీలు) తర్వాత రుజువైంది, కాబట్టి ఆ నిందను తాన్సా మీద వేయడం సరికాదు. అయినా మురుగుదారి లేకుండా నీటిని పెంచడం తప్పన్న మాటలో నిజం ఉంది. మలేరియా విషయంలో అది ఇంకా స్పష్టం. 1911లో మలేరియా కారణాల మీద బెంట్లీ ఇచ్చిన నివేదిక నగరపు బావుల్లో పెరిగే దోమలను వేలెత్తి చూపింది. బావులు మూయించే పని ఊపందుకుంది. బావి నీటిని పవిత్రంగా చూసే పార్సీలు, హిందువులు అభ్యంతరం చెప్పారు. మూతపడ్డ ప్రతి బావి వెనక ఉన్న గిరాకీ దూరంలోని ఆనకట్ట మీదికి బదిలీ అయింది. కట్ట పెంచినందువల్ల బావులు పోయాయా, బావులు పోయినందువల్ల కట్ట పెంచాల్సి వచ్చిందా అంటే రెండూ ఒకదాన్నొకటి నెట్టాయనే చెప్పాలి.

ఒడ్డు ఖాళీగా ఉండాలి

పెంచే ప్రతి అడుగుకూ ఒడ్డు చుట్టూ ఒక పట్టీ నేల మునుగుతుంది. పైకి పోయేకొద్దీ లోయ విచ్చుకోవడమే నీటికి లాభం, నేలకు నష్టం. అస్వాన్ ఎత్తును మొదట తగ్గించి కట్టిందే ఫిలే దీవిలోని ప్రాచీన ఆలయాల కోసం గొడవ జరిగినందువల్ల. పెంపు తర్వాత ఆ ఆలయాలు ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉండేవి. నైలు ఒడ్డున బతికే నూబియన్ల ఊళ్లూ పొలాలూ విడతవిడతకూ మునిగాయి. ఆలయాల గురించి ప్రపంచం మాట్లాడినంతగా ఆ ఊళ్ల గురించి మాట్లాడలేదు.

తాన్సా చుట్టూ అడవి ఉండడం, నీటి శుభ్రత కోసం ఆ అడవిని కాపాడడం పెంపుకు కలిసొచ్చింది. హైదరాబాద్‌తో పోల్చి చూస్తే ఈ తేడా విలువ తెలుస్తుంది. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. హైదరాబాద్ నేరుగా బ్రిటిష్ పాలనలో ఉన్న నగరం కాదు, నిజాం రాజధాని. కానీ కాలమూ ఇంజినీరింగ్ పద్ధతీ అవే. ఉస్మాన్‌సాగర్ నిల్వ 3.9 టీఎంసీలు. విహార్ ఒక టీఎంసీ లోపు, ఇప్పటి తాన్సా 5.1 టీఎంసీలు. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు. దాన్ని ఈ రోజు పెంచాలని ఎవరైనా అనుకున్నా ఒడ్డున ఖాళీ ఏదీ? పూర్తి మట్టం గీత దాకా, కొన్నిచోట్ల దాన్ని దాటి లోపలికి కూడా కట్టడాలు వచ్చేశాయి. పరీవాహక ప్రాంతాన్ని కాపాడడానికి 1996లో జీవో 111 తెచ్చినా దాన్ని అమలు చేయడమే పెద్ద పోరాటమైంది. పునాదిలో ఎత్తు దాచుకోవడం ఎంత అవసరమో, ఒడ్డున నేల దాచుకోవడం అంత అవసరం.

ముంబయి విషయానికొస్తే, పెంచుకుంటూ పోవడం 1948తో దాదాపు ఆగింది. ఆ తర్వాత నగరం వైతరణా, భాత్సా లోయలకు మళ్లింది. 1957లో మోదక్ సాగర్, 1970లలో ఎగువ వైతరణా, 1980ల మొదట్లో భాత్సా, 2014లో మధ్య వైతరణా వచ్చాయి. ఏడు జలాశయాలూ కలిపి వాడకపు నిల్వ 51 టీఎంసీలు, అందులో తాన్సా వాటా పదో వంతు. ఒకప్పుడు నగరాన్ని మోసిన కట్ట ఇప్పుడు వరసలో ఒకటి.

తాన్సా, భాత్సా ఉన్న షాపూర్ తాలూకాలో చాలా ఊళ్లకు మాత్రం ఏప్రిల్, మే నెలల్లో ఇప్పటికీ ట్యాంకరే గతి. తాన్సా కట్టింది మునిసిపాలిటీ, కట్టింది నగరం కోసం. పథకంలో దారి పొడవునా గొట్టం పోయే ఊళ్లకు కుళాయి రాయలేదు. పెంపు జరిగిన ప్రతిసారీ అదనంగా నిలిచిన నీరు మొత్తం ఆ ఊళ్లను దాటుకునే పోయింది. ఎండాకాలంలో బిందెలు వరసలో పెట్టి ట్యాంకర్ కోసం ఆడవాళ్లు ఎదురుచూసే ఆ తాలూకా మీదుగానే ముంబయి గొట్టాలు నిండుగా సాగిపోతున్నాయి.